పెద్దబాపు మోసిన ముఖం

ఫోన్ వచ్చినప్పుడు నేను దుకాణంలో ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సుకు అంచులు మడుస్తున్నాను. ఆస్పత్రి వాళ్లు హిందీలో రెండు ముక్కలు చెప్పి పెట్టేశారు. మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, పోయాడు. వేరే ఇంటికి చేయాల్సిన ఫోన్ పొరపాటున నాకు చేశారేమోనని ఒక నిమిషం ఆశపడ్డాను. తర్వాత ఆ అంచు మడవడం పూర్తి చేసి, దాని కోసం నిలబడి ఉన్న వాళ్ల చేతికిచ్చి షట్టర్ దించాను. అప్పటికి ఎంత అలసిపోయి ఉన్నానంటే, ఏడుపు కూడా ఇంకా మిగిలిపోయిన ఒక పనిలాగే అనిపించింది.

సూరత్ పాండేసరాలో నాది చిన్న ఫ్లెక్సుల దుకాణం. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ ఎండాకాలం పెళ్లి ఫ్లెక్సులు ఆగిపోయాయి, అన్నీ చావు ఫ్లెక్సులే. ఎవరో ఫోన్లో ఫోటో పంపుతారు. నేను వెనకాల ఉన్న గోడనో బీరువానో తీసేసి మబ్బులు పెడతాను, కింద దీపం పెడతాను. పొద్దంతా అదే పని. ఊరందరికీ చేసినవాణ్ణి, మా పెద్దబాపుకు చేద్దామని కూర్చుంటే ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఆధార్ కార్డులో ఉన్నది ఒకటి. అందులో ఆయన ఎవరో వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడ్డట్టు ఉంటాడు.

చివరిచూపు కూడా దక్కలేదు. శ్మశానంలో మమ్మల్ని దూరంగా నిలబెట్టారు. సంచిలో చుట్టి తెచ్చారు, అట్లాగే తీసుకుపోయారు. ముఖం చూపించమని అడుగుదామనుకున్నాను. మా ముందూ వెనకా వరుసలో అట్లాంటి సంచులే ఉన్నాయి, అడగలేదు. మా పెద్దమ్మ గేటు బయట ఆటోలో కూర్చుని ఉంది.

పదిహేనేళ్లపాటు ఇంకో మనిషి పేరు మీద ఏటా దండ వేయించుకున్న ముఖం అది. తన సొంత పేరు మీద ఒక్క పూవు కూడా పడకుండా కాలిపోయింది. ఇది ఎట్లా జరిగిందో మీకు చెప్పాలనే రాస్తున్నాను. తప్పు నాది. ఆయన బతికుండగా ఎవరికీ చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదు.

పెద్దబాపు కరీంనగర్ వైపు నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో సూరత్ వచ్చి, అక్కడి వడోద్ బస్తీలో ఒకే గదిలో జీవితమంతా ఉన్నాడు. మిషన్ మగ్గాల మీద పన్నెండు గంటల పాలీ, అంటే షిఫ్టు. మోతకు చెవులు పాడై గట్టిగా మాట్లాడేవాడు. ఆయన ఫోన్లో “మంచిదేనా” అని అడిగితే మా వరుసలో నాలుగు గదుల వాళ్లు “మంచిదే” అని జవాబిచ్చేవాళ్లు. మనిషికి నాటకాల పిచ్చి. మగ్గాల మధ్య ఎంత అరిచినా ఎవరికీ వినబడదు కాబట్టి డైలాగులన్నీ అక్కడే బట్టీ పట్టేవాడు. పక్క మగ్గం మీది ఒడియా అతను ఈయన మూతి చూసి, ఇవాళ రాజు వేషమా రాక్షసుడి వేషమా అని సైగతో అడిగేవాడట.

వినాయకుడి పందిళ్లలో, మా తెలుగువాళ్ల ఆదివారం సభల్లో ఆయన కట్టని వేషం లేదు. యముడుగా వచ్చాడంటే పిల్లలు తల్లుల వెనక దాక్కునేవాళ్లు. అయితే దేవుళ్ల వేషాలు కట్టినప్పుడు ఆయన పెద్దగా ఆలోచించేవాడు కాదు. “దేవుడు అచ్చి అడుగడు కొడుకా, నన్ను గిట్లెందుకు సూపిచ్చినవని. బతికి సచ్చిపోయిన మనిషి వేషమైతే గాయనకు చెల్లె ఉంటది, మనుమలుంటరు. గాళ్లు అడుగుతరు. మనం సెప్పాలె” అనేవాడు. ఆ మాట ఆయన మామూలుగా, తమలపాకుకు సున్నం రాస్తూ అన్నాడు. నేనూ మామూలుగానే విన్నాను.

మా వాళ్లలో, పడుగు పోసే వార్పింగ్ కార్ఖానాలో మాస్టర్‌గా చేసే ఒకాయనకు సీడీ సినిమా తీయాలని బుద్ధి పుట్టింది. మా పక్క ఊళ్లో నిజాం కాలంలో దొర వెట్టికి ఎదురు తిరిగి, పోలీసుల తూటాకు చనిపోయిన ఒక సాలె మనిషి, నేతగాడు, ఉన్నాడు. ఊళ్లో అందరూ ఆయన్ని గౌరవంగా తాత అంటారు. ఆయన కథే సినిమా. మాస్టరే డైరెక్టర్, పెద్దబాపే హీరో. సూరత్ బయట కామ్‌రేజ్ దాటాక చెరుకు తోటల పక్కన తీయాలని ఖరారైంది.

డైలాగుల కాగితం చేతికి రాగానే పెద్దబాపు కార్ఖానాకు సెలవు పెట్టి రైలెక్కాడు. చనిపోయిన ఆ తాత చెల్లెలు ఇంకా బతికే ఉందని ఎవరో చెప్పారు. ఆమె ఇంటి అరుగు మీద మూడు రోజులున్నాడు. ఆమె పెట్టింది తిన్నాడు, ఆమె మేకలకు ఆకు కొట్టుకొచ్చాడు. అన్న ఎట్లా నడిచేవాడు, ఏ చేత్తో తినేవాడు, కోపమొస్తే ఏమనేవాడు అని అడిగాడు. అవ్వకు అప్పటికే కళ్లకు పొరలు కమ్మి, మనుషుల్ని గొంతుతోనే పోల్చుకునేది. ఆమె చెప్పింది పెద్దబాపు తిరిగొచ్చాక మాకు ఆమె గొంతుతోనే చెప్పాడు.

“మా అన్న పులి గాదు బిడ్డా, మనిషే. పోలీసోళ్లచ్చినప్పుడు గుంత మగ్గంల, నేసేటప్పుడు కాళ్లు వెట్టే గుంతల, దాసుకున్నడు. నేను సుత గాయనతోనే ఉన్న, చిన్నదాన్ని. కాళ్లు వణుకుతుంటె నేనే పట్టుకున్న. బయట మమ్ముల గన్న అవ్వను కొడుతుండ్రి. ఇనలేక లేసిండు. పొయ్యేటప్పుడు రుమాలు కట్టుకోని పోయిండు. గంతే.”

అన్న ఎడమచేతివాటం మనిషని, తలరుమాలు ముడి ఎప్పుడూ ఎడమవైపే పడేదని ఆమె పెద్దబాపు తలకు రుమాలు చుట్టి, తడుముకుంటూ చూపించిందట. ఈయన కుడివైపు వేసుకుంటే విప్పేసి మళ్లీ కట్టిందట.

ఇక షూటింగులో రోజూ లొల్లే. ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను. డైరెక్టర్ చేతిలో కొడవలి పట్టుకుని నిలబడ్డాడు.

“హీరో గుంతల దాసుకుంటడా పెద్దన్నా? జనం నవ్వుతరు. నువ్వు కొడవలి వట్టుకోని దునుకు, నాలుగు డైలాగులు కొట్టు.”

“గాయన దునుకలే. నేనెట్ల దునుకుత?”

“గిది సినిమా అన్నా.”

“సినిమా నీది. సచ్చింది గాయన. భయపడ్డడు, భయపడుకుంటనే బయటికచ్చిండు. గంతకన్న ఏం గావాలె నీకు?”

చివరికి డైరెక్టరే తగ్గాడు. వేరే హీరో దొరకడు కాబట్టి తగ్గాడు గానీ ఒప్పుకుని కాదు. వడోద్‌లో గోడకు తెల్లబట్ట కట్టి సినిమా చూపించిన రోజు ఒక్క ఈల పడలేదు. గుంతలో పెద్దబాపు కాళ్లు వణుకుతుంటే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత అందరూ నోరు మూసుకుని చూశారు. సీడీలు పెద్దగా పోలేదు, ఆ డైరెక్టర్ మళ్లీ సినిమా జోలికి పోలేదు.

నా తప్పు ఆ మరుసటి ఏడు జరిగింది. నేనప్పుడు ఒక ఫోటో స్టూడియోలో కొత్తగా పనిలో చేరాను. ఆ ఊరి యువజన సంఘం వాళ్లు ఫోన్ చేసి, తాతకు స్తూపం కడుతున్నాం, ఆయన ఫోటో ఉంటే పంపమన్నారు. ఆయనకు ఫోటో ఎక్కడిది? జీవితంలో ఒక్కసారి కూడా తీయించుకోలేదు. నేను సీడీ అట్ట మీది పెద్దబాపు బొమ్మ తీసుకున్నాను. రుమాలు, గొంగడి, గడ్డం. రంగులు తీసేసి నలుపు తెలుపు చేశాను. పాతకాలం ఫోటోలా కనబడాలని అక్కడక్కడా గీతలు కూడా గీశాను. కొత్తగా నేర్చుకున్న పని, మురిపెం. “ఇదొక్కటే ఉంది” అని రాసి పంపాను. సినిమాలోది అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. వాళ్లకు తెలుసనుకున్నాను.

స్తూపం ప్రారంభానికి మా ఇద్దర్నీ పిలిచారు. పెద్దబాపు గడ్డం తీసేసి, తెల్లచొక్కా వేసుకుని జనంలో కూర్చున్నాడు. గుడ్డ తొలగించగానే స్తూపం మీద, అద్దాల ఫ్రేములో, ఆయన ముఖమే. నేను గీసిన గీతల్తో సహా. ఆయన చెయ్యి నా భుజం మీద పడింది, అక్కడే ఉండిపోయింది.

ఎవరో అవ్వను నడిపించుకొచ్చారు. ఆమె ముక్కు అద్దానికి ఆనేటంత దగ్గరికి వెళ్లి చూసింది. చాలాసేపు చూసింది. “అన్నా, నీ మొఖం నాకు యాదిల లేకుండ వోయింది. ఎంత తండ్లాడిన గని యాదికి రాకపాయె. గిట్లుంటివా?” అని ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఏడ్చారు. నేను లేచి నిజం చెప్పేద్దామనుకున్నాను. పెద్దబాపు నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఆయన నా మీద అరవలేదు. అరిస్తే బాగుండేది. కండక్టర్ వచ్చి వెళ్లాక అన్నాడు. “ఏం జేసినవ్ కొడుకా. గామెకు అన్న మొఖం ఇచ్చినవ్. మళ్ల గుంజుకుందామా? గామె ఉన్నన్ని దినాలు గీ మొఖం నాది గాదు. కిరాయికి ఉంటున్న అనుకుంట. కరాబు జెయ్యకుండ వాపసియ్యాలె.”

ఏదో బాధలో అన్నమాట అనుకున్నాను. కానీ ఆయన అన్నంత పనీ చేశాడు. సూరత్‌లో దొంగచాటుగా అమ్మే సారా ప్యాకెట్లు పాలీ దిగగానే ఒకటి పడకపోతే నిద్రపట్టని మనిషి, ఆ వారమే మానేశాడు. పది రోజులు చేతులు వణికి దారం అతకలేకపోయాడు. తాగుబోతు వేషాలు, జోకర్ వేషాలు వదిలేశాడు. అందరికంటే బాగా నవ్వించేవాడు, అది కూడా పోయింది. ఎన్నికలప్పుడు ఒక పార్టీవాళ్లు వచ్చి, ఆ రుమాలు కట్టుకుని మా ఆటోలో నిలబడితే చాలు, మాట్లాడే పని కూడా లేదన్నారు. “గాయన ఓటడుగుతడో అడుగడో నాకెట్ల తెలుస్తది? తెల్వనిది నేను జెయ్య” అని టీ తాగించి పంపాడు.

అన్నిటికంటే కష్టమైంది ఫోటోలు. ఫోన్లలో కెమెరాలొచ్చాక ఆయన ముఖం ఎక్కడన్నా కనబడి, ఊరివాళ్లు చూసి, ఆ మాట అవ్వ చెవిన పడుతుందని భయం. ఇంట్లో ఉన్న పాత ఫోటోలు, సీడీలు అప్పుడే తీసి పారేశాడు. పెళ్లిళ్లలో అందరూ వరుసగా నిలబడితే చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందికి వంగేవాడు. డుమస్ సముద్రం దగ్గర మేమంతా భజియాలు తింటూ తీసుకున్న ఫోటో ఒకటుంది. అందులో పెద్దబాపు వీపు మాత్రమే ఉంది. పెద్దమ్మకు విసుగొచ్చేది. చీరల మీద వేలాడే దారాలు కత్తిరించే పని చేస్తుంది ఆమె, ఇంట్లోనే, చిన్న కత్తెరతో. చేతిలో పని ఆపకుండానే అనేది. “స్తూపం మీద ఒక మొగడు, ఇంట్ల ఒక మొగడు. స్తూపం మీదోడు మంచోడు. గీన మూతి ముడుసుకోని కూసుంటడు. నాకేమన్న అచ్చిందా గీ సినిమతోని?” పెద్దబాపు నవ్వి, ఆమె కత్తిరించిన దారాలు ఏరేవాడు. ఆమె అడిగింది న్యాయమే. మీరైనా ఏం చెప్పేవారు?

నేనూ ఒకసారి ఆయన్ని అనరాని మాట అన్నాను. మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలన్నీ ఆగి, మా వాళ్లు గదుల్లో బియ్యం అయిపోయి, ఊళ్లకు పంపమని రోడ్డెక్కడానికి సిద్ధమయ్యారు. పొద్దున్నే యాభై మంది దాకా పెద్దబాపు గది ముందు చేరారు. “పెద్దన్నా, రుమాలు కట్టు, గొంగడేసుకో. నువ్వు ముందట నడువు. టీవీలోళ్లస్తరు, పని అయితది” అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. “ఆకలి మనది. రుమాలు గాయనది. గాయన్ని తెచ్చి గీడ నిలబెట్టుడు నాతోని గాదు” అన్నాడు. వాళ్లు గొణుక్కుంటూ కదిలారు. నాకు ఒళ్లు మండింది.

“భయపడ్డవా పెద్దబాపూ?” అన్నాను.

“భయపడ్డ” అన్నాడు. చెప్పులేసుకున్నాడు, మూతికి కండువా కట్టుకున్నాడు, లుంగీ మీదనే వాళ్ల వెనకాల బయల్దేరాడు.

ఆ రోజు సాయంత్రం దాకా ఎండలో నిలబడి, వచ్చీరాని హిందీతో అధికారులతో మాట్లాడి, ఊళ్లకు పంపే రైలు కోసం అందరి పేర్లూ దగ్గరుండి రాయించాడు. ఏ టీవీవాళ్లూ రాలేదు. వచ్చినా కండువా వెనక ఉన్నది ఎవరో వాళ్లకు తెలిసేది కాదు. రాత్రి ఆయన కాళ్లకు పెద్దమ్మ నూనె రాస్తుంటే నేను గడప దగ్గర నిలబడి, అన్న మాటకు క్షమించమని అడగలేకపోయాను. ఇప్పుడు అడుగుతున్నాను.

మరుసటి ఏడు ఎండాకాలం మొదట్లో ఊరి నుంచి కబురొచ్చింది. అవ్వ పోయింది. కరోనాతో కాదు, వయసుతో. నిద్రలోనే. పెద్దబాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు, పాలీ దిగి వచ్చినవాడిలా.

“ఇగ ఫోన్ జెయ్యి కొడుకా. నిజం జెప్పు. గా ఫోటో తీసెయ్యమను. జాగ ఖాళీగ ఉన్నా మంచిదే, అబద్ధం ఉండద్దు.” ఆగి, పెద్దమ్మ వైపు చూసి మళ్లీ అన్నాడు. “రేపు నేను వోయినా గా ఫోటోకు దండెయ్యకుండ్రి. గాయన్ని రెండోసారి సంపినట్టయితది.”

“గా మాటలు ఇప్పుడెందుకు” అంది పెద్దమ్మ.

వెంటనే ఫోన్ చేయాల్సింది. అవ్వ దశదిన కర్మ అయ్యాక చేద్దామనుకున్నాను. ఆలోపే ఆయనకు జ్వరం వచ్చింది. మూడో రోజు ఊపిరాడలేదు. ఆస్పత్రి గేటు దగ్గర స్ట్రెచర్ మీద నుంచి మాస్కు పక్కకు జరిపి, “జేసినవా?” అని అడిగాడు. “చేసిన” అన్నాను. అబద్ధం. ఆయన తల ఊపాడు, మాస్కు సర్దుకున్నాడు. ఆ ముఖాన్ని నేను చూడడం అదే ఆఖరు.

ఆయన్ని దహనం చేసిన మర్నాడు ఊరికి ఫోన్ చేశాను. స్తూపం పనులు చూసే యువకుడు ఎత్తాడు. అంతా చెప్పాను. గీతలు నేనే గీశానని కూడా చెప్పాను. 

“తీసేస్తం అన్నా. తీసెయ్యాల్సిందే. మరి గా జాగల ఏం వెట్టాలె?”

ముందు ఆ ఫ్రేము నాకు పంపమన్నాను. మగ్గాలు తిరిగి మొదలయ్యాక సూరత్ వస్తున్న ఒక మనిషి చేత అతను దాన్ని పంపించాడు. తువ్వాల్లో చుట్టి ఉంది. తీసుకెళ్లి పెద్దమ్మ ముందు పెట్టాను. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద ఫోటో, దండ వేయొద్దని ఆయనే చెప్పిపోయిన ఫోటో. అప్పటిదాకా గోడ మీద ఆధార్ కార్డు జిరాక్స్ అంటించి, దాని కింద దీపం పెడుతోంది ఆమె.

పెద్దమ్మ అద్దం మీద చెయ్యి పెట్టింది. “రుమాలు గీనది గాదు. గొంగడి గీనది గాదు” అంది. ఇంకొంచెం సేపు చూసింది. “మొఖం నా మొగనిది.”

వెనక మేకులు పీకి ఫోటో బయటకు తీసింది. దారాలు కత్తిరించే చిన్న కత్తెర అందుకుంది. నేను ఆపబోయి ఆగిపోయాను. చీర పోగు తెగకుండా, వేలాడే దారం మాత్రమే కోసే చెయ్యి అది. నుదురు దగ్గర, రుమాలు అంచు వెంట మొదలుపెట్టి, చెంపల మీదుగా, గడ్డం కింద గొంగడి దాకా వచ్చి, మళ్లీ నుదుటి దాకా నిదానంగా కత్తిరించింది. ముఖం విడిగా వచ్చేసింది. దాన్ని పెద్దబాపు మగ్గం మీద నేసిన తెల్ల బట్ట ముక్కకు అంటించి గోడకు పెట్టి, తనే దండ వేసింది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, మొదటిసారి.

మిగిలిన ముక్క ఇంకా నేల మీద ఉంది. రుమాలు, గొంగడి, నడుమ ముఖమంత బొక్క. పారేయడానికి నా చేతులు రాలేదు. పెద్దమ్మ కళ్లు తుడుచుకుని దాన్ని తీసి నాకిచ్చింది.

“గిది గాయనది. గాయనకు పంపు.”

పంపాను. ఈసారి అది ఏమిటో, ఎట్లా వచ్చిందో కాగితం నిండా రాసి పంపాను. నెల తర్వాత ఆ యువకుడు ఫోన్‌కు ఒక బొమ్మ పంపించాడు. నేను పంపిన ముక్కను అద్దంలో బిగించి స్తూపం మీద పెట్టారు. ముఖం ఉండాల్సిన చోట వెనకాల రాయి కనబడుతోంది. కింద రెండు బంతిపూల దండలున్నాయి. నేను వేళ్లతో బొమ్మను పెద్దది చేసి చూశాను. అవ్వ విప్పేసి మళ్లీ కట్టి చూపించిన ముడి, ఎడమవైపే ఉంది.